తారీఖు సాక్ష్యం చెల్లదు

కోకాపేటలో ఇరవై మూడో అంతస్తు. కిటికీలోంచి ఒకవైపు గండిపేట చెరువు, ఇంకోవైపు నియోపొలిస్‌లో సగం లేచిన టవర్లు, వాటి నెత్తిన క్రేన్లు. డైనింగ్ టేబుల్ మీద స్కాన్ రిపోర్టు. తేదీ నవంబర్ 4. పిండం పొడవు 5 మిల్లీమీటర్లు, గుండె కొట్టుకుంటోంది, వయసు 6 వారాల 2 రోజులు. కోడలు ఆ కాగితం అత్తగారి చేతికిచ్చి కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు కదిలింది. ఆరేళ్ళు నలభై రెండు, ఇంకో రెండు, నలభై నాలుగు. అబ్బాయి డాలస్ ఆన్‌సైట్ ముగించుకుని శంషాబాద్‌లో దిగింది అక్టోబర్ 3న. అంటే ముప్ఫై రెండు రోజులు. బొటనవేలు మళ్ళీ మొదటి కణుపు దగ్గరికొచ్చింది. కాఫీ వచ్చేసరికి రిపోర్టు నాలుగు మడతలైంది. ఆవిడ ఒక్క మాట అనలేదు, కాఫీ కూడా ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఉన్న బయటిమనిషిని నేనొక్కదాన్నే. మిగిలిపోయిన ఆ పన్నెండు రోజులు కాఫీ చల్లారేదాకా టేబుల్ మీదే కూర్చున్నాయి.

ఈ లెక్క ఆవిడ ఒక్కరిదే అయితే రాయనక్కర్లేదు. పెళ్ళైన రెండు వారాలకే నెల తప్పిన పిల్ల గురించి చుట్టాలు గుసగుసలాడుకునే లెక్క ఇదే. నైట్ షిఫ్టుల మొగుడు, డే షిఫ్టుల పెళ్ళాం ఉన్న ఇంట్లో ఫోన్‌లోని యాప్ తెరిచి వెనక్కి జరిపి చూసుకునే లెక్కా ఇదే. చదువుకున్నవాళ్ళే ఎక్కువ ధీమాగా వేస్తారు.

వాళ్ళ వాదన వాళ్ళకి అన్యాయం చెయ్యకుండా చెప్పాలంటే ఇలా ఉంటుంది. మనుషులు మర్చిపోవచ్చు, దాచొచ్చు. ఒంటికి దాచడం రాదు. నెలసరి 28 రోజులకోసారి వస్తుంది. సరిగ్గా మధ్యలో, 14వ రోజున, అండం విడుదలవుతుంది. ఆ రోజు కలిస్తే గర్భం నిలుస్తుంది. నిలిచిన పిండం మొదటి వారాల్లో అందరిలోనూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతుంది. యంత్రం దాన్ని కొలిచి వయసు చెబుతుంది. ఆ వయసు పట్టుకుని వెనక్కి నడిస్తే ఎప్పుడు ఏం జరిగిందో తేలిపోతుంది. ఇందులో భక్తి లేదు, ద్వేషం లేదు, ఉత్త అంకగణితం.

ఈ వాదనలో నిజం పాలు లేకపోలేదు. మొదటి మూడు నెలల్లో పిండాలు నిజంగానే దాదాపు ఒకే తీరున పెరుగుతాయి. ఆ దశలో స్కాన్ చెప్పే వయసు ఐదు నుంచి ఏడు రోజుల తేడాలో నమ్మదగ్గదే. అసలు చిక్కు అక్కడే ఉంది. ఇది పూర్తి మూఢనమ్మకమైతే చదువుకున్నవాళ్ళు నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడేవారు. సగం సైన్సు కాబట్టి తలెత్తుకుని చెబుతున్నారు. మిగతా సగం ఏమిటో చూద్దాం.

1. కాగితం మీది ఆరు వారాలు కలిసి ఆరు వారాలు కాదు

వైద్యులు గర్భాన్ని లెక్కించేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అండం విడుదలయ్యేది, మామూలుగా నెలసరి వచ్చేవాళ్ళలో, ఆ తర్వాత రెండు వారాలకు. అంటే ప్రతి గర్భంలోనూ మొదటి రెండు వారాలు గర్భమే లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం వెక్కిరించే పనిని ప్రపంచంలోని ప్రసూతి వైద్యులంతా రోజూ గంభీరంగా చేస్తూనే ఉంటారు.

ఎందుకు చేస్తారంటే, ఆడదానికి కంటికి కనిపించే గుర్తు నెత్తురొక్కటే కాబట్టి. అండం ఎప్పుడు విడుదలైందో, ఎప్పుడు ఫలించిందో, ఎప్పుడు గర్భసంచి గోడకు అంటుకుందో ఏ ఆడపిల్లకూ తెలియదు. నెలసరి వచ్చిన రోజు తెలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నెగెలే ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఈనాటికీ వాడుకలో ఉంది: ఆఖరి నెలసరి మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి వెళ్ళి, ఏడాది కలిపితే కాన్పు తేదీ. మొత్తం 280 రోజులు. ఆ నెలసరి రోజు పనులు జరుపుకోవడానికి పెట్టుకున్న మొదలు.

ఇది కోకాపేటలో వివరించాల్సి రావడమే వింత. ఈ టవర్లలో సగం మంది రోజూ యూనిక్స్ సమయంతో పని చేసేవాళ్ళు. ఆ లెక్క 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది. నిన్న పెట్టిన సర్వర్ లాగ్‌లో కూడా అప్పటినుంచి గడిచిన సెకన్లే ఉంటాయి. అది చూసి ఈ సర్వర్‌కి యాభై ఏళ్ళు దాటాయని ఎవరూ అనరు కదా. ఆఫీసులో అంత తేలిగ్గా అర్థమైన సంగతి లిఫ్టెక్కి ఇంటికొచ్చేసరికి ఏమైపోతుందో!

"నెలసరి లెక్క సరే, స్కాన్ యంత్రం కూడా ఆరు వారాలే అందిగా, అది కొలిచి చెప్పింది కదా" అంటారు. యంత్రం కొలిచింది మిల్లీమీటర్లను. తల నుంచి పిరుదు దాకా పొడవు 5 మిల్లీమీటర్లు, అంతే. ఆ పొడవును వారాల్లోకి మార్చే పట్టిక యంత్రం లోపల ఉంటుంది. ఆ పట్టికలోనూ ఆ రెండు వారాలు ముందే కలిపి ఉంటాయి. కాబట్టి స్కాన్ రెండో సాక్షి కాదు. మొదటి సాక్షి మాటనే ఇంకో గొంతుతో చెబుతోంది.

ఇంకా అనుమానముంటే గచ్చిబౌలి దాకా వెళ్తూ దారిలో కనిపించే సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులు చూడండి. అక్కడ అండానికి ప్రాణం పోసిన గంట కూడా రికార్డులో ఉంటుంది. ఐదు రోజుల పిండాన్ని గర్భసంచిలోకి పంపిన రోజున ఆమె ఫైల్లో గర్భం వయసు 2 వారాల 5 రోజులు అని రాస్తారు. ల్యాబ్‌లో ఐదు రోజుల క్రితం మొదలైన పిండానికి పంతొమ్మిది రోజుల వయసు. ఆ పద్నాలుగు రోజులు ఆమె ఎవరితో ఉందని ఏ అత్తగారూ అడగరు. ల్యాబ్ డాక్టరు చెప్పిన తారీఖుకి ఉన్న మర్యాద కోడలి మాటకు లేదన్నమాట.

ఇరవై మూడో అంతస్తు లెక్కకొస్తే, నవంబర్ 4 నుంచి 44 రోజులు వెనక్కి వెళ్తే సెప్టెంబర్ 21. అది ఆమె నెలసరి మొదటి రోజు. పద్నాలుగు రోజులు కలిపితే అక్టోబర్ 5. అబ్బాయి దిగి రెండు రోజులు. ఆవిడ లెక్కలో తప్పిపోయిన పన్నెండు రోజులు ఎక్కడికీ పోలేదు, మొదటినుంచీ లేనేలేవు.

2. పద్నాలుగు అనే అంకె

ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది, యాప్‌లలో ఉంది, పెళ్ళికి ముందు అక్కయ్యలు చెవిలో చెప్పే సలహాల్లో ఉంది. పై లెక్క కుదరడానికి నేను కూడా దాన్నే వాడుకున్నాను. ఇప్పుడు దాని బండారం బయటపెడతాను.

2019లో ఒక ఫోన్ యాప్ వాడిన 1,24,648 మంది స్త్రీల 6,12,613 నెలసరి చక్రాలను పరిశోధకులు లెక్కగట్టారు. సరిగ్గా 28 రోజులు నడిచినవి వందకు 13. సగటు 29.3 రోజులు. నెలసరి మొదలై అండం విడుదలయ్యే దాకా పట్టిన సగటు కాలం 16.9 రోజులు. అంటే అందరికీ ఒకటే అనుకున్న పద్నాలుగు, సగటుకు కూడా పద్నాలుగు కాదు. అంతకు చాలాముందే, 2000లో, అమెరికాలోని నార్త్ కరోలినా స్త్రీలపై విల్కాక్స్ బృందం చేసిన అధ్యయనం బయటికొచ్చింది. గర్భం రావడానికి అనువైన రోజులన్నీ 10వ రోజుకూ 17వ రోజుకూ మధ్యే ఇమిడినవాళ్ళు అందులో 30 శాతమే.

ఈ పద్నాలుగు ఎక్కడ పుట్టిందో తెలిస్తే నవ్వొస్తుంది. 1920లలో జపాన్‌లో క్యుసాకు ఒగినో, ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా గమనించింది ఒకటే: అండం విడుదలైన తర్వాత వచ్చే నెలసరి దాకా పట్టే కాలం దాదాపు స్థిరంగా ఉంటుంది, రెండు వారాలు అటూ ఇటూ. అంటే పద్నాలుగు లెక్కించాల్సింది రాబోయే నెలసరి నుంచి వెనక్కి. మనవాళ్ళు పోయిన నెలసరి నుంచి ముందుకు లెక్కించారు. 28 రోజుల చక్రంలో రెండూ ఒకే చోట కలుస్తాయి కాబట్టి ఎవరికీ తేడా కనిపించలేదు. 40 రోజుల చక్రంలో అండం 26వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు ఇంకా ఆలస్యం కావచ్చు, ఒక్కో నెల అసలు కాకపోవచ్చు. క్రమంగా వచ్చేవాళ్ళకూ జ్వరమొచ్చిన నెల, ప్రయాణాల నెల, నిద్ర లేని నెల అండం వెనక్కి జరగవచ్చు. జరిగిందని కబురు రాదు.

దీని ఫలితం అనుమానంతోనే ఆగదు. నెలసరి ఆలస్యంగా వచ్చే ఒకమ్మాయి కాగితం లెక్క ప్రకారం ఎనిమిది వారాలని స్కాన్‌కి వెళ్తుంది. అక్కడ ఆరు వారాలకు సరిపడా పిండమే కనిపిస్తుంది, గుండె చప్పుడు ఇంకా లేదు. "గ్రోత్ లేదమ్మా" అన్న ఒక్క ముక్కతో ఇల్లంతా ఏడుపు. ఆమె అండం రెండు వారాలు ఆలస్యంగా విడుదలై ఉండొచ్చన్న మాట ఎవరికీ తట్టదు. వైద్యంలో దీనికి స్పష్టమైన గీత ఉంది: పిండం 7 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉండి గుండె చప్పుడు లేకపోతేనే, లేదా గర్భతిత్తి సగటు కొలత 25 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉన్నా లోపల పిండం కనపడకపోతేనే, ఆ ఒక్క స్కాన్‌తో గర్భం నిలవలేదని తేల్చాలి. అంతకు తక్కువైతే ఆగి మళ్ళీ చూడాలి. ఆగమనే డాక్టరు మీద విసుక్కుని, కడిగించుకుని వచ్చేద్దామనే బంధువులను నేను చూశాను. వాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం పద్నాలుగే.

3. కలిసిన రోజూ నిలిచిన రోజూ ఒకటే అన్న భ్రమ

వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతుకుతాయి. అండం ఒక రోజు కూడా సరిగ్గా బతకదు. అందుకే అనువైన రోజులు ఆరు: అండం విడుదలైన రోజు, దానికి ముందటి ఐదు. సోమవారం కలిస్తే శుక్రవారం ఫలించవచ్చు. ఫలించేది గర్భసంచిలో కాదు, అండవాహికలో. అక్కణ్ణుంచి దొర్లుకుంటూ వచ్చి గర్భసంచి గోడకు అంటుకోవడానికి అండం విడుదలైన దగ్గర్నుంచి ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది, ఎక్కువమందిలో ఎనిమిది నుంచి పది. అంటుకున్నాక గానీ కిట్ మీద గీత గీసే హార్మోన్ పుట్టదు. ఇన్ని మజిలీలున్న ప్రయాణంలో గర్భం "మొదలైన తేదీ" అని దేన్నంటారు? కలిసిందా, ఫలించిందా, అంటుకుందా? మూడింటికీ మూడు తేదీలు. మొదటిదానికీ మూడోదానికీ మధ్య రెండు వారాలు కూడా ఉండొచ్చు.

దీనికి తోడు కొందరికి నెలసరి రావాల్సిన రోజుల్లో, గర్భం నిలిచాక కూడా, కాస్త నెత్తురు కనిపిస్తుంది. అది నెలసరే అనుకుంటే లెక్క దాదాపు నెల వెనకబడుతుంది. అప్పుడు స్కాన్‌లో పిండం "వయసుకు మించి" కనిపిస్తుంది. మళ్ళీ బొటనవేలు, మళ్ళీ కణుపులు.

తెలుగులోనే మూడు గడియారాలు ఒకేసారి నడుస్తున్నాయి. డాక్టరు ఆఖరి నెలసరి నుంచి లెక్కిస్తుంది. మొగుడు విమానం దిగిన రోజు నుంచి లెక్కిస్తాడు. మన భాష మాత్రం "నెల తప్పడం" నుంచి, అంటే రావాల్సిన నెలసరి రాని రోజు నుంచి లెక్కిస్తుంది. "నెల తప్పి నెలైంది" అంటే డాక్టరు లెక్కలో దాదాపు రెండు నెలలైనట్టు. వీటన్నిటికీ ఇప్పుడు సిటీలో వాడే మాట ఒక్కటే: డేట్. డేట్ వచ్చిందంటే నెలసరి, డేట్ ఇచ్చారంటే కాన్పు గడువు, డేట్ పెట్టించామంటే పంతులుగారిచ్చిన ముహూర్తం. ఒకే మాట మీద ఇంత బరువు మోపితే ఎక్కడో ఒకచోట విరగక తప్పదు.

ఇక యాప్‌లు. పాత నెలల సగటు తీసి రాబోయే నెలకు రంగులు పూస్తాయి. అండాశయం వాటికి కనిపించదు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు అది అంచనాగా పనికొస్తుంది, కాదనను. అదే యాప్‌ను వెనక్కి తిప్పి భార్య మీద సాక్షిగా నిలబెట్టేవాడికి మాత్రం దాని సెట్టింగుల పేజీ ఒకసారి చదవమని చెప్పాలి. చక్రం పొడవు అన్న గడిలో, ఎవరూ ఏమీ నింపకముందే, సాధారణంగా 28 అని ఉంటుంది.

4. సరి రాత్రులు, బేసి రాత్రులు

సైన్సు వాదన తడబడ్డప్పుడు వెనక నుంచి శాస్త్రం వాదన వస్తుంది. గర్భాధాన ముహూర్తానికి మన పూర్వీకులు అన్నీ లెక్కగట్టే పెట్టారని. మనుస్మృతి ప్రకారం ఋతుకాలం పదహారు రాత్రులు. మొదటి నాలుగు, ఆ పైన పదకొండు, పదమూడు నిషిద్ధం. మిగిలిన పదింట్లో సరి రాత్రులైతే కొడుకు, బేసి రాత్రులైతే కూతురు.

పదహారు రాత్రుల దాకా గమనించినవాళ్ళను తక్కువ చెయ్యను. కానీ అండం 26వ రోజున విడుదలయ్యే పిల్లకు ఆ పదహారులో ఒక్క రాత్రీ పనికిరాదు. చాలామందికి అనువైన పదకొండు, పదమూడులను నిషేధించడానికి ఒంట్లో కారణమేదీ లేదు. సరి బేసి సంగతి 1905లోనే ముగిసింది. నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగుల కణాలను సూక్ష్మదర్శినిలో పెట్టి, ఆడా మగా తేల్చేది తండ్రి వైపు నుంచి వచ్చే క్రోమోజోమని చూపించింది. రోజును బట్టి మగబిడ్డ పుట్టే అవకాశం మారదని నార్త్ కరోలినా అధ్యయనంలోనూ తేలింది. యాభయ్యో అంతస్తులో ఉండి సరి రాత్రి కోసం అలారం పెట్టుకునేవాళ్ళ గురించి ఇంతకన్నా రాయడం కాగితం దండగ.

5. "కోర్టులు కూడా తేదీలే చూస్తాయి"

చూస్తాయి. ఎలా చూస్తాయో చూడండి. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 112వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్‌గా అలాగే కొనసాగుతోంది. వివాహం అమల్లో ఉండగా పుట్టిన బిడ్డ, లేదా వివాహం రద్దయ్యాక 280 రోజుల్లోపు, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉండగా పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డేనని చట్టం తీర్మానంగా తీసుకుంటుంది. కాదనేవాడు ఆ కాలంలో ఇద్దరికీ కలిసే వీలే లేదని రుజువు చెయ్యాలి. అనుమానం చాలదు. అడిగిందే తడవుగా రక్తపరీక్షకు ఆదేశించరాదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. పెళ్ళైన మర్నాడు బిడ్డ పుట్టినా చట్టం ముందు వరస అదే. అంటే చట్టం తారీఖును వాడింది బిడ్డను కాపాడటానికి. మన డైనింగ్ టేబుల్ దాన్ని వాడుతోంది బిడ్డ తల్లిని బోనెక్కించడానికి.

తారీఖుల మీద కోర్టులు పడ్డ పాట్లు మనకు కొత్తవీ కావు. ఇంగ్లండ్‌లో గార్డ్‌నర్ అనే నౌకాధికారి 1802 మొదట్లో భార్యకు వీడ్కోలు చెప్పి ఓడెక్కాడు, జూలైలో తిరిగొచ్చాడు, డిసెంబరులో బిడ్డ పుట్టింది. ఆనాటి ఆన్‌సైట్ అనుకోండి. ఇరవై ఏళ్ళు దాటాక ఆ బిడ్డ వారసత్వం తేల్చడానికి 1825-26లో ప్రభువుల సభ విచారణ జరిపింది. గర్భం 311 రోజులు మోయడం సాధ్యమేనా అని పేరున్న వైద్యులను వరసగా పిలిచి అడిగింది. వాళ్ళు ఒక్క మాట మీద నిలవలేదు. తీర్పు బిడ్డకు వ్యతిరేకంగా వచ్చింది, కానీ దానికి తల్లి ప్రవర్తన గురించిన వేరే సాక్ష్యాలు కూడా తోడుగా వాడాల్సి వచ్చింది. అన్ని నెలల తేడా ఉన్న కేసులోనే తారీఖొక్కటీ చాలలేదు.

ఈ కాలపు కొలతలతోనూ అది చాలదు. అండం విడుదలైన రోజు కచ్చితంగా తెలిసిన 125 గర్భాలను 2013లో ఒక అధ్యయనం పరిశీలించింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళను పక్కన పెట్టాక కూడా, గర్భం మోసిన కాలంలో ఒకరికీ ఇంకొకరికీ 37 రోజుల దాకా తేడా వచ్చింది. ఐదు వారాల పైన! "ఎనిమిదో నెలకే కనేసింది, బిడ్డ మాత్రం నిండు నెలల బిడ్డలా ఉంది" అని బారసాలలో పెదవి విరిచేవాళ్ళు ఈ అంకెను వినాలి.

అయితే స్కాన్‌కి ఏమీ తెలియదా అంటే, తెలుసు. మొగుడు ఆరు నెలలుగా ఊళ్ళో లేకపోతే, పిండం మూడు నెలలదైతే, అప్పుడు అది చెప్పే సంగతి వేరు. ఆ మాట నేను దాటవెయ్యను. కానీ మన ఇళ్ళలో నలిగే ప్రశ్నలు నెలల తేడాల మీద లేవు. పది రోజులు, పన్నెండు రోజులు, "పెళ్ళికి వారం ముందు". పరికరం తప్పే ఏడు రోజులు, అండం జరిగే పది రోజులు, లెక్కకు ముందే కలిపిన పద్నాలుగు రోజులు, వీటి మధ్య ఆ పన్నెండు రోజులకు నిలబడే చోటెక్కడ?

6. తప్పు లెక్కకు వడ్డీ కట్టేదెవరు

మొదట చట్టం గడువు. 2021 సవరణ తర్వాత గర్భస్రావానికి ఒక డాక్టరు అభిప్రాయంతో 20 వారాల దాకా, నిర్ణీత వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. ఆ వారాలు ఆఖరి నెలసరి నుంచి. "నెల తప్పి నాలుగు నెలలే కదా, ఇంకా టైముంది" అనుకునే మనిషి అప్పటికే 21 వారాలు దాటి ఉంటుంది. 11 నుంచి 14 వారాల మధ్య చెయ్యాల్సిన ఎన్‌టీ స్కాన్ కూడా ఇలాగే చేజారుతుంది.

తర్వాత సిజేరియన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆ సర్వేలో దేశంలోని మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. అందులో ముహూర్తం చూసి పెట్టించుకున్నవి కలిస్తే ఏమవుతుందో లెక్కవేసి చూడండి. అండం రెండు వారాలు ఆలస్యంగా విడుదలైన మనిషికి, మొదట్లో స్కాన్‌తో తేదీ సరిచెయ్యకపోతే, కాగితం మీద 38 వారాలంటే నిజంగా 36. మంచి నక్షత్రమని కోసి తీసిన బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు. నక్షత్రం పంతులుగారి పంచాంగంలో ఉంటుంది, బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటుంది.

ఈ రెండు సందర్భాల్లోనూ ఎక్కువ నష్టపోయేది ఇరవై మూడో అంతస్తు కాదు. ఆ టవరు కింద రేకుల షెడ్లున్నాయి. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. అక్కడికొచ్చే ఆశా కార్యకర్త వెనక ఒక మధ్యాహ్నం నేనూ నడిచాను. సిమెంటు బస్తా మీద కూర్చున్న పిల్లను ఆమె అడిగింది: "ఆఖరిపారి డేట్ ఎప్పుడొచ్చింది బిడ్డా?" ఆ పిల్లకు గుర్తులేదు. "బతుకమ్మకు ముంగటనా, ఎనకనా?" ఎనకనే. "సద్దుల బతుకమ్మ అయినంక ఎన్ని దినాలకు? జీతం పైసలు ఇచ్చిన్రా అప్పటికి?" ఇచ్చారు. ఆశా కార్యకర్త వేళ్ళ మీద లెక్కబెట్టి, ఒక తేదీ చెప్పి, పక్కన అంచనా అని గుర్తు పెట్టుకుని, రేపే స్కాన్ రాయించుకోమని బస్తీ దవాఖానాకు పంపింది. ఆమెకు ఆ తేదీ బిడ్డ ఎప్పుడు పుడుతుందో చూసుకోవడానికి కావాలి. పక్కనే నిలబడ్డ మొగుడు ఎప్పుడొచ్చాడు, ఎప్పుడెళ్ళాడు అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పదో తరగతి చదివిన ఆమె దగ్గరున్న ఈ వివేకం, పై అంతస్తులో పీజీలు చేసినవాళ్ళ దగ్గర ఎందుకు లేదు?

"అనుమానం తీర్చుకుంటే తప్పేంటి, నిప్పుకు చెదలు పట్టదు కదా" అన్నవాళ్ళున్నారు. నిప్పును ప్రతిసారీ ఆడదాని చేతిలోనే పెట్టడం తప్పు. ఆ ఆరు వారాల్లో ఆమెకు వాంతులు, వేవిళ్ళు, నిద్ర చాలకపోవడం. గర్భం నిలుస్తుందో లేదో ఇంకా తెలియని కాలం. మీ అంకగణితం తప్పని రుజువు చెయ్యాల్సిన పని కూడా ఆమెకే అప్పగిస్తారా? లెక్క వేసినవాళ్ళే లెక్క నేర్చుకోవాలి, అదీ వెయ్యకముందు.

డాక్టర్లనూ వదలను. వారాలు చెప్పి పంపేసే గదుల్లో, "ఇది మీరు కలిసిన రోజు నుంచి లెక్క కాదు" అన్న వాక్యానికి ఆరు సెకన్లు పట్టదు. ఆ ఆరు సెకన్లు మిగుల్చుకోవడం వల్ల ఎన్ని ఇళ్ళలో రిపోర్టులు మడతలు పడ్డాయో వాళ్ళకు కనిపించదు. ఇరవై మూడో అంతస్తులో ఆ పిల్ల తనే చెప్పుకుంది, రెండు రోజులాగి, ఫోన్‌లో కాన్పు లెక్కల పేజీ తెరిచి, అత్తగారి పక్కన కూర్చుని. ఆవిడ విన్నారు. "నాకేం అనుమానం లేదమ్మా, ఊరికే లెక్కవేశా" అన్నారు. ఆ "ఊరికే" అన్న మాట ఆ పిల్ల ఇప్పటికీ మర్చిపోలేదు.

చెయ్యాల్సిన పని చిన్నది. లింగనిర్ధారణ నిరోధక చట్టం పుణ్యమా అని గర్భిణి స్కాన్ రిపోర్టు కింద ఒక వాక్యం ఉంటుంది: పిండం ఆడో మగో నేను చూడలేదు, ఎవరికీ చెప్పలేదు అని డాక్టరు సంతకంతో. దాని కింద ఇంకో వాక్యానికి చోటుంది, తెలుగులో, అత్తగారి కళ్ళజోడుకు అందేంత పెద్ద అక్షరాల్లో: ఈ వారాలు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించినవి, కలయిక జరిగిన రోజు నుంచి కాదు.